చెవుల్లో దూది: ఆదోని, ఎమ్మిగనూరు వ్యాపారులకు పాడ్‌కాస్ట్ సలహాలు

పాడ్‌కాస్ట్ పెట్టాలని ముచ్చటపడే ఆదోని వ్యాపారి ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. తాను ఆదోనిలో ఉన్నానన్న సంగతి మరిచిపోవాలి. యార్డులో హమాలీల కేకలు, జిన్నింగు మిల్లు హోరు, ఒకే బేరంలో తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసి దొర్లే మాటలు, వీటిలో ఏ ఒక్కటీ రికార్డింగులోకి రాకూడదు. వస్తే వినేవాడికి ‘అరె, ఇది మనూరి సంగతే’ అనిపిస్తుంది. అట్లా అనిపిస్తే చివరిదాకా వింటాడు. చివరిదాకా విన్నవాడు ఏదో ఒకటి అడగడానికి దుకాణానికి వస్తాడు. అంత తలనొప్పి మనకెందుకు? ఊరికి రెండో ముంబై అని పేరు ఎలాగూ ఉంది. అసలు ముంబైలో సూటు తొడుక్కున్న ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండాలి మీ గొంతు.

కాస్త చరిత్ర కూడా తెలిసి ఉండాలి. నేర్చుకోవడానికి కాదు, మొదటి ఎపిసోడ్‌లో మొదటి ఇరవై నిమిషాలు నింపడానికి. కొత్త రాత పడిందన్న కబురును చదివేవాళ్ళకు చేరవేసే ఆర్‌ఎస్‌ఎస్ అనే ఏర్పాటుకు ఆడియో ఫైలు తగిలించే వీలు కల్పించినవాడు డేవ్ వైనర్. అట్లా తగిలించిన ఫైలు దానంతటదే ఐపాడ్‌లోకి దిగే మార్గం చూపించి, 2004 ఆగస్టులో తన కబుర్లు మొదలుపెట్టినవాడు ఒకప్పటి ఎంటీవీ వ్యాఖ్యాత ఆడమ్ కర్రీ. 2005 జూన్ 28న ఆపిల్ కంపెనీ ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చింది. రెండే రోజుల్లో పది లక్షల సబ్‌స్క్రిప్షన్లు పడ్డాయి.

పెద్ద కంపెనీలు ఆ ఏడే దిగిపోయాయి. జనరల్ మోటార్స్ తన కార్ల కబుర్లు వినిపించింది. ఐబీఎం మదుపరుల కోసం, రాబోయే రోజుల్లో ఏ రంగం ఎట్లా మారబోతోందో తన నిపుణుల చేత చెప్పించింది. అన్నిటికంటే విడ్డూరం వాషింగ్ మెషీన్ల వర్ల్‌పూల్ కంపెనీది. ‘అమెరికన్ ఫ్యామిలీ’ అని పేరు పెట్టి, మెషీన్ల గొప్ప చెప్పుకోవడం మానేసి, సంసారాల్లో ఉండే తిప్పల గురించి మాట్లాడించింది. డబ్బు పెట్టి జనాన్ని కూర్చోబెట్టి సరుకు మాట ఎత్తకపోవడం ఏం వ్యాపారం చెప్పండి? బట్టలుతికే ఇల్లాలికి కావలసింది ఇంటి సంగతులని ఎవరో వాళ్ళను తప్పుదారి పట్టించినట్టుంది. మీరు మాత్రం ఆ దారి తొక్కకండి. మీది దుప్పట్ల కొట్టయితే ప్రతి వాక్యంలోనూ దుప్పటి ఉండాలి, ప్రతి దుప్పటి పక్కనా కొట్టు పేరుండాలి, ప్రతి కొట్టు పేరు తర్వాతా ఫోన్ నంబరు రెండుసార్లు ఉండాలి.

స్టూడియో విషయంలో రాజీ పడవద్దు. గదిలో మాట ఖంగుమనకుండా ఉండాలంటే గోడల వెంట మెత్తటిది, దళసరిది ఏదో ఒకటి ఉండాలి. శబ్దం అందులో ఇంకిపోవాలి. అలాంటి వస్తువు ఆదోనిలో ఎక్కడ దొరుకుతుంది కనుక? హైదరాబాద్ నుంచి నల్ల ఫోమ్ ముక్కలు తెప్పించుకోండి. ఆ పార్శిల్ తెచ్చిన బండి మీ గోడౌన్ ముందే ఆగుతుంది. లోపల ఒక్కొక్కటి 170 కిలోల బేళ్ళు కప్పుదాకా పేర్చి ఉంటాయి, పక్కన విడి దూది గుట్టలుగా పడి ఉంటుంది. అటువైపు చూడకుండా ఫోమ్ దించుకోండి.

ఎమ్మిగనూరు వాళ్ళయితే దుప్పట్ల దొంతరల మధ్య కూర్చునే ఆన్‌లైన్‌లో ఫోమ్ ఆర్డరివ్వవచ్చు. రెండు దళసరి దుప్పట్లు దండేల మీద ఆరేసి, నడుమ కుర్చీ వేసుకుని, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే గొంతు రేడియో స్టేషన్‌లో పలికినంత శుభ్రంగా వస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. దుప్పటి కప్పుకునేదే గానీ ఆరేసి మాట్లాడేది కాదు. ఫోమ్ రావడం ఆలస్యమైతే కోడిగుడ్ల అట్టలు గోడలకు అతికించండి. వాటితో గొంతు ఏమీ బాగుపడదు, బయటి చప్పుడూ ఆగదు. ఫోటోలో మాత్రం అచ్చం స్టూడియోలాగే ఉంటుంది. (బేళ్ళ దగ్గర గానీ ఫోమ్ దగ్గర గానీ కూర్చుని బీడీ ముట్టించకండి. ఈ వ్యాసంలో నిజంగా పాటించదగ్గ సలహా ఇదొక్కటే.)

ఎపిసోడ్ ఆరంభం ఘనంగా ఉండాలి. పాడ్‌కాస్ట్ వినేవాడు మోటారు సైకిల్ మీదో, మగ్గం ముందో, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులోనో ఉంటాడు. చెవుల్లో వైరు పెట్టుకుని ఒంటరిగా ఉంటాడు. మీరు అతనొక్కడితో మాట్లాడుతున్నట్టు మాట్లాడితే చనువు పెరిగి నెత్తికెక్కుతాడు. కాబట్టి మున్సిపల్ గ్రౌండులో ఐదువేల మంది ముందు నిలబడ్డట్టే మొదలుపెట్టండి. ముందు జ్యోతి ప్రజ్వలన. ఆడియోలో దీపం కనిపించదు కదా అన్న సందేహం అనవసరం. ‘ఇప్పుడు మాన్యశ్రీ ఫలానావారు జ్యోతిని వెలిగిస్తున్నారు’ అని చెప్పి, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించి, చప్పట్లు కొట్టించండి. తర్వాత వేదికను అలంకరించిన పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు. గదిలో ఉన్నది మీరూ, మీ గుమాస్తా, రికార్డు చేసే కుర్రాడే అయినా ఈ ఆనవాయితీ తప్పకూడదు. ఆపైన శాలువా. శాలువా అంచు మైకుకు తగిలి బరబరమన్నప్పుడు వినేవాడు ఉలిక్కిపడి వాల్యూమ్ తగ్గించుకుంటాడు. తగ్గించుకోనీయండి. ‘సమయాభావం వల్ల రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను’ అన్న మాట పడే వేళకు అతని బస్సు ఎమ్మిగనూరు చేరిపోయి ఉంటుంది.

భాష సంగతికొస్తే, ఇంట్లో మాట్లాడే తెలుగు ఇంట్లోనే వదిలేసి రావాలి. ‘ఏమప్పా, ఈసారి పత్తి యాడికి ఏసినావు?’ అని మీరు దుకాణంలో రోజూ అడిగే మాట మైకు ముందు అడిగితే రైతు జవాబు చెప్పేస్తాడు. దాని బదులు ‘హాయ్ గైస్, వెల్కమ్ బ్యాక్’ అనండి. ఇది మొదటి ఎపిసోడే కదా, తిరిగి రావడమేమిటని ఎవరూ అడగరు. అడిగేవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంగం రేడియోను చూసి చెడిపోయినవాళ్ళున్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడలో పల్లెల్లోని దళిత మహిళలు నడిపిన స్టేషన్ అది. 90.4 మెగాహెర్ట్జ్ మీద విత్తనాలు, జొన్నలు, పండగలు, రోగాలు అన్నీ వాళ్ళ యాసలోనే మాట్లాడుకున్నారు. మాట్లాడేదీ పొలం పని చేసేవాళ్ళే, వినేదీ పొలం పని చేసేవాళ్ళే. వాళ్ళకు వ్యాపారం అక్కర్లేదు గనుక అట్లా చెల్లింది. మీరు కొనేది రైతు దగ్గర, అమ్మేది మిల్లుకు. వాళ్ళకు అర్థమయ్యేలా మాట్లాడితే మీకు గౌరవం ఎక్కడ మిగులుతుంది?

అసలు ఏం చెప్పాలన్నది పెద్ద చర్చ. ఇక్కడే చాలామంది తెలివిగా ప్రవర్తించి నష్టపోతారు. మండీ మాటలు రెండు రకాలు. సాయంత్రానికి పాసిపోయేవి కొన్ని, ఏడాది గడిచినా పాసిపోనివి కొన్ని. పొద్దున యార్డులో పలికిన ధర మొదటి రకం. 2013లో వాట్సాప్‌కు గొంతు వచ్చినప్పటి నుంచి ఆ పని అర నిమిషంలో అయిపోతోంది. ఫోన్ నొక్కి పట్టుకుని చెప్పేస్తే కౌతాళంలోనో హొళగుందలోనో బండి కట్టబోతున్న రైతుకు చేరిపోతుంది. అందుకని సోమవారం ధరను పాడ్‌కాస్ట్‌లో పెట్టండి. సంగీతం కలిపించి, ఎడిటింగుకు ఇచ్చి, శనివారం విడుదల చేయండి. ఆ ధరకు అమ్ముకుందామని వచ్చినవాడికి మీ పాడ్‌కాస్ట్ జన్మలో మరపురాదు.

రెండో రకం మాటల్ని మాత్రం పాడ్‌కాస్ట్ దరిదాపులకు రానీయవద్దు. ఉదాహరణకు తేమ. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710. ఆ ధర 8 శాతం తేమ లెక్కన కట్టింది. ఆపైన శాతానికి శాతం చొప్పున కోత పడుతుంది, 12 దాటితే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ కొననే కొనదు. అంటే మంచు పట్టిన పొద్దున తీసిన పత్తిని ఆరబెట్టకుండా సంచికెత్తి, 12 శాతం తేమతో తెచ్చినవాడికి క్వింటాలుకు మూడు వందలకు పైగా పోతుంది. ఈ ముక్కను ఎనిమిది నిమిషాల ఎపిసోడ్‌గా చేసి, ఎంత ఎండ చాలు, పరిచిన పత్తిని ఎప్పుడు తిరగేయాలి, అడుగున నీళ్ళు చల్లితే గ్రేడరు ఎట్లా కనిపెడతాడు అని చెప్పి పెడితే, ఈ ఏడూ వింటారు, వచ్చే ఏడు అక్టోబరులో మళ్ళీ వెతుక్కుని వింటారు. ధరలాగా పాడయ్యేది కాదు, ఊరికే పడి ఉంటుంది. అంత నిలవ సరుకు వ్యాపారికి ప్రమాదం. కాబట్టి తేమ సంగతిని ఒకసారి వాట్సాప్‌లో పడేసి ఊరుకోండి. తెల్లారేసరికి గుడ్ మార్నింగ్ గులాబీల కింద కప్పడిపోతుంది.

అట్లాగే గింజ లెక్క. క్వింటాలు పత్తి మిల్లులో పడితే దూది మూడోవంతుకు అటూ ఇటూగా వస్తుంది, మిగతా బరువంతా దాదాపు గింజే. గింజ నూనెకు పోతుంది, పిండి పశువులకు పోతుంది. గింజ ధర పెరిగితే పత్తి ధర ఎందుకు కదులుతుందో, దూది ధరను 356 కిలోల క్యాండీ లెక్కన ఎందుకు చెప్తారో రైతుకు తెలియజెప్పే వ్యాపారి మీద రైతుకు నమ్మకం కుదురుతుంది. నమ్మకం కుదిరితే తూకం వేసేటప్పుడు పక్కన నిలబడి ముల్లు చూడటం మానేస్తాడు. ఆ కాలక్షేపం లేకపోతే పాపం అతనికి పొద్దెట్లా గడుస్తుంది?

ఎమ్మిగనూరు వాళ్ళకు ఇంకొంచెం కష్టమైన సలహా ఉంది. మగ్గం మీద నేసేవాళ్ళకు చేతులూ కాళ్ళూ కళ్ళూ పనిలో ఉంటాయి, చెవులు మాత్రం ఖాళీ. లోకంలో పాడ్‌కాస్ట్ కోసమే పుట్టినట్టుండే శ్రోతలు వాళ్ళు. అందుకే మీరు వీడియో తీయండి. ‘ఇక్కడ స్క్రీన్ మీద మీకు కనిపిస్తున్న ఈ డిజైన్’ అని పది నిమిషాలకోసారి అంటుండండి. వింటున్నవాడు ఆ డిజైన్ ఏమిటో చూద్దామని మగ్గం ఆపాలి, లేకపోతే మీ మాట ఆపాలి. ఏది ఆపుతాడో మీకే తెలుసు.

ఊరి చరిత్రను కూడా వాడుకోవచ్చు, జాగ్రత్తగా. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు, 1954లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రెండు తేదీలు చదివి, విషాద సన్నాయి వినిపించి, తరువాతి ప్రకటనలోకి వెళ్ళిపోండి. సంఘం రాకముందు నూలు ఎవరి దగ్గర అప్పు తెచ్చుకునేవాళ్ళు, నేసిన బట్టకు ధర ఎవరు కట్టేవాళ్ళు, సంఘం వచ్చాక ఆ లెక్క ఎట్లా మారింది అని ఒక ముసలి నేతగాడిని కూర్చోబెట్టి అడగకండి. ఆయన చెప్తాడు. వింటున్నవాడు దాన్ని నేటి నూలు ధరతో, నేటి మజూరీతో పోల్చి చూసుకుంటాడు. అక్కడి నుంచి సంభాషణ మీ చేతిలో ఉండదు.

చేనేతకూ పవర్‌లూమ్‌కూ తేడా పట్టుకోవడమెట్లాగో చెప్పే ఎపిసోడ్ కూడా వద్దు. బట్ట ముడుచుకుపోకుండా వెడల్పున పట్టి ఉంచే కర్ర ముళ్ళు దిగి, చేనేత బట్ట అంచుల వెంట సన్నటి బెజ్జాలుంటాయని కొనేవాళ్ళకు తెలిస్తే దుకాణంలో ప్రతి తువ్వాలు అంచూ వెలుతురుకు పెట్టి చూస్తారు. మీ కొట్లో ఉన్నదంతా చేనేతే అయితే ఇది లాభమే, ఒప్పుకుంటాను. ఎంతమంది ధైర్యం చేస్తారో మాత్రం చెప్పలేను.

సుగ్గికి పోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోకండి. పత్తి తీత ముగిశాక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు వెళ్ళిపోతాయి. ఇళ్ళకు తాళాలు పడతాయి, ముసలివాళ్ళు మిగులుతారు. మైకు కట్టిన ఆటో ఆదోని వీధులన్నీ తిరిగినా ఆ కేక గుంటూరుకు వినపడదు. వాళ్ళ చేతిలో ఫోన్ ఉంటుంది, రాత్రి గుడిసెల దగ్గర ఊరి మాట వినాలని ఉంటుంది. ఇక్కడ వాన పడిందా, యార్డులో ఏమి నడుస్తోంది, పిల్లల బడి సంగతేమిటి అని వారానికి పది నిమిషాలు వాళ్ళ మాటలోనే చెప్పే కొట్టు ఏదైనా ఉంటే, కూలి డబ్బుతో ఊరికి తిరిగొచ్చినప్పుడు మొదట ఏ గడప తొక్కుతారో ఊహించడం కష్టం కాదు. అయినా వాళ్ళు ఊళ్ళో లేరు కదా, లేనివాళ్ళతో మాట్లాడటం దండగ. ఊళ్ళో ఉన్నవాళ్ళకే, అంటే రోజూ మీ కొట్టు బోర్డు చూస్తూ పోయేవాళ్ళకే, మీ కొట్టు ఎక్కడుందో చెప్పండి.

వ్యాపారులు తరచుగా అడిగే రెండు ప్రశ్నలకు ఇక్కడే జవాబు.

‘మా నాయన జిన్నింగులో ముసలివాడైనాడు. గుప్పెడు దూది తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య లాగి పింజ పొడుగెంతో చెప్తాడు. ఆయప్పతో మాట్లాడించొచ్చునా?’ వద్దు. ఆయనకు పత్తి తెలుసు గానీ కంటెంట్ తెలియదు. మైకు ముందు పెడితే ఏ ఏడాది ఏ రకం విత్తనం ఎందుకు దెబ్బతిన్నదో చెప్పుకుంటూ పోతాడు, మీరు అడగాలనుకున్న ‘మీ విజయ రహస్యం ఏమిటి’ అన్న ప్రశ్నకు చోటే ఉండదు. ఆయన స్థానంలో పత్తి చెట్టును దూరం నుంచి చూసిన మోటివేషనల్ స్పీకర్‌ను పిలిపించండి.

‘మా పాడ్‌కాస్ట్‌ను నలభై మందే వింటున్నారు, ఏం చేయాలి?’ సిగ్గుపడాలి. ఆ నలభై మందీ జిన్నింగు మిల్లుల యజమానులూ, బ్రోకర్లూ, రాయచూరు కొనుగోలుదార్లూ అయినా సరే సిగ్గుపడాల్సిందే. లెక్క ముఖ్యం. మార్కెట్లో వ్యూస్ టోకున దొరుకుతాయి, కొనుక్కోండి. ఏ దేశం నుంచి వచ్చాయో చూడకండి. పెదతుంబళం పత్తి ఎపిసోడ్‌ను బ్రెజిల్‌లో పది వేల మంది అర్ధరాత్రి విన్నారంటే అది గర్వకారణమే. ఫ్లెక్సీ కట్టించవచ్చు.

సినిమా పాటలు ఉచితమని ధైర్యంగా వాడుకోండి. హక్కులవాళ్ళు ఎపిసోడ్ తీయించేస్తే మరొకటి చేసే పని తప్పుతుంది.

ఎన్ని రోజులకోసారి చేయాలన్నదానికి నియమం పెట్టుకోవద్దు. వారం వారం ఒకే రోజున వస్తే జనం ఎదురుచూస్తారు, రాకపోతే అడుగుతారు. మొదటి వారంలో వరసగా ఐదు ఎపిసోడ్లు గుప్పించి, పత్తి రాబడి ముమ్మరమైన నవంబరులో తీరిక లేదని మానేసి, తిరిగి ఉగాదికి శుభాకాంక్షలు చెప్పి, ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు నేతన్న దేశానికి వెన్నెముక అని ఒక మాట అనేసి నిద్రపోవచ్చు. దానితో సంవత్సరం గడిచిపోతుంది. ఎవరైనా పలకరిస్తే ‘సీజన్ టూ రాబోతోంది’ అనండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. మీరు ఏమరుపాటున, సంగీతం కలపకుండా, శాలువా కప్పకుండా, తేమ గురించి మామూలు మాటల్లో చెప్పిన నాలుగు నిమిషాల ముక్క ఒకటి ఎట్లాగో బయటికి పోతుంది. పది రోజుల తర్వాత కోసిగి నుంచి తెలియని నంబరుతో ఫోన్ వస్తుంది. ‘అన్నా, ఆ పొద్దు ఎండబెట్టేది సెప్పినావు సూడు, అది మల్లా యాడ దొరుకుతాది? మా బామ్మర్దికి ఇనిపియ్యాల’ అంటాడు. ‘రాంగ్ నంబర్’ అని పెట్టేయండి. పలికితే ఇంకో ఎపిసోడ్ చేయాల్సి వస్తుంది.